చిట్టెలుక చేసిన నేరం

నేరం సినిమా అంటే ఒక శవం, ఒక పోలీసు, చివర్లో సంకెళ్ళు ఉండాలని మన లెక్క కదా. ఈ మూడూ లేని నేరం సినిమా ఒకటుంది. 1937లో ఫ్రాన్సులో వచ్చిన ‘లా మోర్ ద్యూ సీన్య్’, అంటే ‘హంస మరణం’. కథ పాల్ మోరాన్‌ది. దర్శకులు ఇద్దరు: జాఁ బెన్వా-లెవీ, మరీ ఎప్‌స్టీన్. అంతకు ముందు 1933లో ‘లా మాతెర్నెల్’ అని పసిపిల్లల బడి మీద సినిమా తీసిన జంటే ఇది.

పారిస్ ఒపేరాలో బాలే నేర్చుకునే పిల్లల్ని అక్కడివాళ్ళు ‘చిన్న ఎలుకలు’ అంటారు. మన కథలో పిల్ల పేరు రోజ్ సూరీ. మన సూరి కాదండోయ్, ఫ్రెంచిలో ఆ మాటకి చిట్టెలుక అనే అర్థం! ఈ పిల్లకి బోప్రే అనే నర్తకి అంటే ప్రాణం. కరీన్ అనే రష్యన్ నర్తకి వచ్చేసరికి తన దేవత స్థానం పోతుందని భయం పట్టుకుంది. కరీన్ నాట్యం చేస్తుండగా వేదిక నేలలో ఉండే తలుపు తెరిచేసింది. కరీన్ కింద పడింది. ఇక నాట్యం చెయ్యలేదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. పోలీసులెవరూ రారు. కరీన్ టీచరవుతుంది. రోజ్‌లో ఉన్న విద్యని గుర్తించి, దగ్గర కూర్చోబెట్టుకుని మరీ నేర్పుతుంది. తను ఎవరి కాళ్ళు తీసేసిందో ఆవిడే తన కాళ్ళకి పని నేర్పుతుంటే ఆ పిల్లకి ఇంకో జైలు ఎందుకు? నిజం తెలిశాక కరీన్ క్షమిస్తుంది.

ఇందులో నటించినవాళ్ళు నిజం నర్తకులే. బోప్రేగా ఈవెత్ షోవిరే, కరీన్‌గా మియా స్లావెన్‌స్కా, రోజ్‌గా జనీన్ షారా. నృత్యాలు సెర్జ్ లిఫార్‌వి.

పదేళ్ళకి, 1947లో, ఎం.జి.ఎం. వాళ్ళు దీన్నే రంగుల్లో ‘ది అన్‌ఫినిష్డ్ డాన్స్’ అని తీశారు. మార్గరెట్ ఓబ్రయన్ ఆ పిల్ల. అయితే ఒక మార్పు చేశారు. పిల్ల దీపాలు ఆర్పబోయి, పొరపాటున తలుపు మీట లాగేస్తుంది! పసిపిల్ల కావాలని చేసిందంటే జనం ఒప్పుకోరనుకున్నారో ఏమో. కానీ పొరపాటుని క్షమించడం ఎంతసేపు? కావాలని చేసినదాన్ని క్షమించడమే కదా కష్టం.

రోజ్‌గా వేసిన షారా పెద్దయ్యాక పేరున్న నృత్య దర్శకురాలైంది. 1961లో ఒక టీవీ స్టూడియోలో ఆమె బట్టలకి నిప్పంటుకుని ఒళ్ళు బాగా కాలిపోయింది. అయినా కోలుకుని మళ్ళీ నాట్యంలోకి వచ్చింది. 2017లో 93వ ఏట పోయింది.

చిన్నప్పుడు చేసిన తప్పులన్నిటినీ ‘తెలియక చేశాను’ ఖాతాలో వేసుకుంటాం. ఈ సినిమా చూశాక నా ఖాతా ఒకసారి తిరగేశాను. రెండు మూడు తెలిసి చేసినవే తేలాయి.