నెట్‌వర్క్ టోపాలజీ

కంప్యూటర్ నెట్‌వర్కులోని కంప్యూటర్లు, స్విచ్‌లు, రౌటర్లు మొదలైన పరికరాలు ఒకదానితో ఒకటి ఏ విధంగా కలుపబడి ఉన్నాయో తెలిపే అమరికను నెట్‌వర్క్ టోపాలజీ అంటారు. ఇందులో ప్రతి పరికరాన్ని నోడ్ అనీ, రెండు నోడ్‌లను కలిపే తీగను లేదా రేడియో మార్గాన్ని లింకు అనీ వ్యవహరిస్తారు. బస్, స్టార్, రింగ్, మెష్, ట్రీ అనేవి ప్రధానమైన రకాలు. ఎంత తీగ అవసరమవుతుంది, ఒక భాగం చెడిపోతే ఎందరికి సంబంధం తెగిపోతుంది, లోపం ఎక్కడున్నదో కనుగొనడం ఎంత సులభం అనే మూడు విషయాలలో ఇవి భిన్నంగా ఉంటాయి. అన్ని అవసరాలకూ సరిపోయే టోపాలజీ ఏదీ లేదు.

భౌతిక, తార్కిక టోపాలజీలు

తీగలు నిజంగా ఏ దారిన వెళ్ళాయో తెలిపేది భౌతిక టోపాలజీ. సమాచారం ఏ క్రమంలో ప్రయాణిస్తుందో తెలిపేది తార్కిక టోపాలజీ. ఈ రెండూ ఒకే విధంగా ఉండనవసరం లేదు. ఉదాహరణకు ఐబీఎమ్ సంస్థ టోకెన్ రింగ్ నెట్‌వర్కులో ప్రతి కంప్యూటర్ నుండి ఒక తీగ మధ్యనున్న పెట్టెకు వెళ్తుంది. కనుక చూడడానికి అది స్టార్. కాని ఆ పెట్టె లోపలి కలయిక వలన సమాచారం ఒక కంప్యూటర్ నుండి ప్రక్క కంప్యూటరుకు వలయంగా తిరుగుతుంది.

బస్ టోపాలజీ

ఒకే పొడవాటి కేబులుకు కంప్యూటర్లన్నిటినీ తగిలించే పద్ధతి ఇది. 1973లో జెరాక్స్ పార్క్ పరిశోధనా కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలైనవారు రూపొందించిన ఈథర్‌నెట్ ఈ పద్ధతిలోనే మొదలైంది. తరువాత వచ్చిన 10బేస్5 ప్రమాణంలో లావుపాటి కేబులు 500 మీటర్ల వరకు ఉండి, దానికి 100 నోడ్‌ల వరకు తగిలించవచ్చు. సన్నని కేబులు వాడే 10బేస్2లో ఈ పరిమితి 185 మీటర్లు, 30 నోడ్‌లు.

* లాభాలు: తీగ తక్కువ పడుతుంది. మధ్యలో వేరే పరికరం అవసరం లేదు.
* నష్టాలు: కేబులు రెండు చివరలా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండాలి. లేనిచో సంకేతం చివర తగిలి వెనుకకు వచ్చి ఇతర సంకేతాలను చెరుపుతుంది. అందువలన కేబులు ఒకచోట తెగితే రెండు ముక్కలూ పనిచేయవు, తెగిన చోటును వెదకడమూ కష్టం. అంతేగాక ఇద్దరు ఒకేసారి పంపితే సంకేతాలు ఢీకొంటాయి. అప్పుడు ఇద్దరూ ఆగి, యాదృచ్ఛికమైన వ్యవధి తరువాత మరల ప్రయత్నించాలి.

స్టార్ టోపాలజీ

ప్రతి కంప్యూటర్ నుండి మధ్యనున్న హబ్ లేదా స్విచ్‌కు ప్రత్యేకంగా ఒక తీగ వెళ్తుంది. 1990లో వచ్చిన 10బేస్-టి ప్రమాణంలో టెలిఫోను తీగలవంటి మెలితిప్పిన జంట తీగలను 100 మీటర్ల వరకు వాడవచ్చు. బస్ కంటే తీగ ఎక్కువ పట్టినా కార్యాలయాలలో, పాఠశాలలలో ఇదే స్థిరపడింది. ఒక తీగ తెగితే ఒక కంప్యూటరే ఆగుతుంది. ఏ తీగలో లోపమున్నదో స్విచ్ మీది దీపం చూస్తే తెలుస్తుంది. అయితే మధ్యనున్న పరికరం చెడిపోతే అందరికీ సంబంధం తెగిపోతుంది.

రింగ్ టోపాలజీ

ప్రతి నోడ్ తనకు ఇరుప్రక్కలా ఉన్న నోడ్‌లకు మాత్రమే కలుపబడి ఉంటుంది. 1985లో వచ్చిన ఐబీఎమ్ టోకెన్ రింగ్ వేగం సెకనుకు 4 మెగాబిట్లు. తరువాత ఇది 16 మెగాబిట్లకు పెరిగింది. టోకెన్ అనే చిన్న సందేశం చేతికి వచ్చిన కంప్యూటరే మాట్లాడాలి గనుక ఢీకొనడం ఉండదు, గరిష్ఠంగా ఎంతసేపు ఆగాలో ముందే చెప్పవచ్చు. సమాచారం ఒకే దిశలో తిరిగే వలయం ఎక్కడ తెగినా ఆగిపోతుంది. రెండు దిశలలోనూ నడిచే వలయమైతే ఒకచోట తెగినా రెండవ ప్రక్క నుండి సమాచారం చేరుతుంది.

గ్రామాలకు ఫైబర్ కేబులు వేసే భారత్‌నెట్ పథకం ఇందుకు ఉదాహరణ. మొదటి దశలలో గ్రామ పంచాయతీలను వరుసగా ఒక గొలుసులా కలిపారు. గొలుసులో ఒకచోట కేబులు తెగితే దాని తరువాతి పంచాయతీలన్నిటికీ సంబంధం పోతుంది. 2023లో ఆమోదించిన సవరించిన పథకంలో బ్లాకుల నుండి పంచాయతీలకు రింగ్ పద్ధతిని నిర్ణయించారు. కేబులు ఖర్చు పెరిగినా ఒక్క గునపం పోటుతో ఊళ్ళకు ఊళ్ళు తెగిపోవు.

మెష్ టోపాలజీ

ప్రతి నోడ్‌నూ మిగిలిన అన్ని నోడ్‌లతో నేరుగా కలిపితే అది పూర్తి మెష్. నోడ్‌ల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి రెండుతో భాగిస్తే కావలసిన లింకుల సంఖ్య వస్తుంది. 10 నోడ్‌లకు 45 లింకులు, 100 నోడ్‌లకు 4,950 లింకులు కావాలి. అందువలన పూర్తి మెష్ పెద్ద నెట్‌వర్కులకు పనికిరాదు. అన్ని లింకులూ అవసరం లేదని 1964లో రాండ్ సంస్థకు చెందిన పాల్ బరాన్ చూపించాడు. కనీస లింకుల సంఖ్యకు మూడు నాలుగు రెట్లు ఉన్నా, తీవ్రమైన నష్టాన్ని తట్టుకోగలదని ఆయన లెక్కల సారాంశం.

1969 డిసెంబరు నాటికి ఆర్పానెట్‌లో నాలుగు నోడ్‌లు ఉన్నాయి. లాస్ ఏంజలెస్, స్టాన్‌ఫోర్డ్ పరిశోధనా సంస్థ, శాంటా బార్బరా మూడూ ఒకదానితో ఒకటి కలిసి ఉండగా, యూటా విశ్వవిద్యాలయానికి స్టాన్‌ఫోర్డ్ సంస్థ ద్వారా మాత్రమే దారి ఉండేది.

ట్రీ టోపాలజీ

స్టార్‌లను అంచెలంచెలుగా కలిపితే చెట్టు కొమ్మల ఆకారం వస్తుంది. పెద్ద భవనాలలో అంతస్తుకొక స్విచ్, వాటన్నిటికీ కలిపి ఒక స్విచ్ ఉండడం ఈ రకమే. పై స్విచ్ చెడిపోతే కష్టమని అదనపు తీగలు వేస్తే స్విచ్‌ల మధ్య వలయం ఏర్పడి, అందరికీ పంపిన సందేశాలు అంతులేకుండా తిరిగి నెట్‌వర్కును స్తంభింపజేస్తాయి. దీనికి పరిష్కారంగా 1985లో రాడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించింది. ఇందులో స్విచ్‌లు తమలో తాము సంప్రదించుకొని అదనపు లింకులను మూసివేస్తాయి. వాడుకలోని లింకు తెగినప్పుడు వాటిని తెరుస్తాయి.

పటమూ, నేలా

పటంలో అనేక లింకులు కనిపించినంత మాత్రాన నెట్‌వర్కు సురక్షితం కాదు. 1986 డిసెంబరు 12న అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతం ఆర్పానెట్ నుండి పూర్తిగా విడిపోయింది. ఆ ప్రాంతానికి ఏడు లింకులు ఉన్నా, ఏడూ నూవార్క్, వైట్ ప్లెయిన్స్ పట్టణాల మధ్య ఒకే ఫైబర్ కేబులులో నడిచేవి. ఆ కేబులు తెగింది.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రగర్భంలో రెండు కేబుళ్ళు తెగినప్పుడు భారతదేశంలో అంతర్జాల సేవలు బాగా దెబ్బతిన్నాయి. అవి రెండు వేరు వేరు కేబుళ్ళే అయినా, ఒకే ఇరుకైన దారిలో వెళ్తున్నాయి. అందువలన అదనపు లింకు వేసేటప్పుడు అది మొదటిదాని గోతిలోనే వెళ్ళకుండా చూడడం లింకుల సంఖ్యను పెంచడమంత ముఖ్యం.

ఇవి కూడా చూడండి

* ఈథర్‌నెట్
* ఆర్పానెట్
* అంతర్జాలం
* ఆప్టికల్ ఫైబర్