వకాన్: బర్కా వెనక కొండల్లో ఒక ఊరు

ఒమన్‌లోని బర్కా సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడి నుంచి నఖల్ కోట దాటి దక్షిణంగా పోతే వాదీ మిస్తల్ అనే ఇరుకు లోయ వస్తుంది. లోపలికి వెళ్ళేకొద్దీ అది విశాలమై, చుట్టూ కొండలున్న పళ్ళెంలా మారుతుంది. దాన్ని ఘుబ్రా అంటారు. అక్కడి రాతిపొరల్లో 71 కోట్ల ఏళ్ళ నాడు హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గండశిలలు ఉన్నాయి. ఎండకు పేరుపడ్డ ఒమన్‌లో ఇదొక అపురూపమైన సాక్ష్యం. ఆ పళ్ళెం అంచున, జబల్ అఖ్దర్ ఉత్తరపు వాలు మీద ఉన్న ఊరు వకాన్.

రాజుల కథ కింద బర్కా మైదానంలో ఉంది. 18వ శతాబ్దం మధ్యలో అహ్మద్ బిన్ సయీద్ బర్కాలో పర్షియన్ల దండును మట్టుబెట్టాడు. ఆయన వంశమే నేటికీ ఒమన్‌ను ఏలుతోంది. వకాన్ చరిత్ర తెలియాలంటే మాత్రం దాని ఫలజ్‌ను, అంటే ఊటనీటి కాలువను చూడాలి. మోటారు లేదు, వాలే నీళ్ళను నడిపిస్తుంది. పిల్లకాలువకు అడ్డుగా రాయి, దాని సందుల్లో కుక్కిన గుడ్డపీలిక. వంతు వచ్చిన రైతు ఆ రాయి తీస్తాడు, గడువు తీరగానే మళ్ళీ పెడతాడు. ఒమన్ ఫలజ్‌లలో వంతుకు పాత కొలత అసర్, సుమారు అరగంట. పగలు ఎండగడియారంతో, రాత్రి నక్షత్రాలతో లెక్క కట్టేవారు. ఈ వంతులను చూసే మనిషి అరీఫ్. మన చెరువుల కింద నీరటి చేసిన పని అదే. నీటి వాటా తండ్రి నుంచి బిడ్డలకు ఆస్తిగా వస్తుంది. ఇంత కట్టుబాటు ఉండబట్టే రాతి గోడలు కట్టి మట్టి నింపిన అంచెల మడులు నిలిచాయి.

ఆ మడుల్లో దానిమ్మ, ద్రాక్ష, వెల్లుల్లితో పాటు హైదరాబాదువాళ్ళు ఖుబానీ అనే ఆప్రికాట్ కాస్తుంది. దానికి చలి కావాలి, కొండ ఎత్తు ఆ చలినిస్తుంది.

1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కాక దేశమంతటా రోడ్లు, బడులు వచ్చాయి. కొండ ఊళ్ళ యువకులు కొలువుల కోసం కిందికి దిగారు. ఇప్పుడు వకాన్‌కు వచ్చేవాళ్ళలో పర్యాటకులే ఎక్కువ. తోటల పక్కగా పైకి సుమారు 700 మెట్లున్నాయి.

ఫిబ్రవరి చివర ఆప్రికాట్ పూస్తుంది. బర్కాలో ఉన్న తెలుగువాళ్ళు అప్పుడు వెళ్ళి చూడాలి. మెట్లు దిగి మడులు తొక్కవద్దు, కాలువలో చెత్త వేయవద్దు. కింది మడులకు పారేది ఆ నీళ్ళే.