ఆంబుష్ మార్కెటింగ్

క్రీడోత్సవానికి అధికారిక ప్రాయోజక రుసుము చెల్లించకుండానే, ఆ ఉత్సవంతో సంబంధం ఉన్నట్టు స్ఫురింపజేస్తూ వ్యాపార సంస్థ చేసే ప్రచారాన్ని ఆంబుష్ మార్కెటింగ్ అంటారు. ఇది గెరిల్లా మార్కెటింగ్‌లో ఒక శాఖ. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ఫ్యూజీ ప్రాయోజకం కాగా, దాని పోటీ సంస్థ కొడాక్ ఆటల టీవీ ప్రసారాలకు ప్రకటనలిచ్చింది. తొలి ప్రసిద్ధ ఉదాహరణగా దీన్నే చెబుతారు.

భారతదేశంలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1996 ప్రపంచకప్ క్రికెట్. ఆ పోటీకి అధికారిక పానీయం కోకాకోలా. హక్కు దక్కని పెప్సీ 'నథింగ్ అఫీషియల్ అబౌట్ ఇట్' అంటూ, అధికారికం కాకపోవడాన్నే గొప్పగా చాటుకుంది. జనం నోట నిలిచింది ఆ నినాదమే.

పోటీ పేరు, చిహ్నం వాడకపోవడమే ఈ పద్ధతిలోని కిటుకు. ట్రేడ్‌మార్క్ చట్టానికి అది సులువుగా చిక్కదు. 2003 ప్రపంచకప్ టికెట్లను బహుమతిగా ప్రకటించిన ఫిలిప్స్ ప్రచారంపై ఐసీసీ అనుబంధ సంస్థ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు నిషేధ ఉత్తర్వుకు నిరాకరించింది. కొనుగోలుదారులు ఫిలిప్స్‌ను ప్రాయోజకంగా పొరబడే అవకాశం లేదని భావించింది. ఆ పోటీకి ఆతిథ్యమిచ్చిన దక్షిణాఫ్రికా మాత్రం ఇలాంటి ప్రచారాన్ని అడ్డుకునేలా ముందుగానే చట్టాన్ని సవరించింది. అక్కడే 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో, జూన్ 14న నెదర్లాండ్స్-డెన్మార్క్ మ్యాచ్‌కు నారింజ రంగు గౌన్లలో వచ్చిన 36 మంది మహిళలను బవేరియా బీరు ప్రచారకర్తలన్న ఆరోపణపై స్టేడియం నుంచి పంపివేశారు.