బహ్లా నగర చరిత్ర

బహ్లా ఒమాన్ దేశపు అంతర్భాగమున, అద్దాఖిలియా మండలమున, జబల్ అఖ్దర్ పర్వతపంక్తికి దక్షిణపు వాలున, నిజ్వా నగరమునకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, ఖర్జూరవనముల నడుమ వెలసిన ప్రాచీన పట్టణము. రాజధానియైన మస్కట్ నుండి ఇచ్చటికి రహదారిపై సుమారు 200 కిలోమీటర్లు. గుట్టపై నిలిచిన మట్టికోట, ఊరిని తోటలతో సహా చుట్టివచ్చిన ప్రాకారము, తరతరములుగా సాగుచున్న కుమ్మరము ఈ పట్టణమునకు ప్రఖ్యాతి తెచ్చినవి. వీటికి తోడుగా, ఇది జిన్నులకును మంత్రవేత్తలకును ఆటపట్టు అను ప్రతీతి ఒమాన్ దేశమంతటను వ్యాపించియున్నది. అయితే జిన్నులు చేసినవని చెప్పబడు పనులలో పెద్దవన్నియు నేలను త్రవ్వుట, మన్ను మోయుట, నీటిని తెచ్చుట అను మానవశ్రమలకు చెందినవే యగుట ఈ పట్టణ చరిత్రను చదువువారు మొదటనే గమనింపదగిన విషయము.

ప్రాచీన దశ: క్రీ. పూ. 3వ సహస్రాబ్దపు మెసపొటేమియా శాసనములలో రాగికి ఆకరముగా పేర్కొనబడిన ‘మగన్’ దేశము నేటి ఒమాన్ ప్రాంతమేయని పండితులు నిర్ణయించిరి. అక్కదు చక్రవర్తియైన సర్గోను తన రేవున దిల్మున్, మగన్, మెలుహ్హా దేశముల ఓడలు లంగరు దించినవని చెప్పుకొనెను. వీనిలో మెలుహ్హా యనునది సింధులోయ యని సాధారణాభిప్రాయము. బహ్లా స్వయముగా గనుల పట్టణము కాదు. గనులు ఈ పర్వతశ్రేణికి ఆవలివైపున సొహార్ రేవు వెనుకటి లోయలలోను, తూర్పున సమద్ లోయలోను ఉండినవి. అచ్చట రాగిని కరగించి తీసిన పిదప మిగిలిన నల్లని చిట్టెపు గుట్టలు నేటికిని కనబడుచున్నవి. జర్మనీలోని బోఖుం గనుల ప్రదర్శనశాల పక్షమున గెర్డ్ వైస్‌గెర్బర్ 1970 దశకపు చివరి నుండి జరిపిన పరిశోధనల వలన ఈ పరిశ్రమ కంచుయుగమున ఆరంభమై, మధ్యమధ్య ఆగుచు, క్రీ. శ. 9, 10 శతాబ్దులలో అర్జా, లసైల్ ప్రాంతములందు మరల విజృంభించినదని తేలినది.

నేటి బహ్లా విలాయతు (జిల్లా) లోనే, పట్టణమునకు దక్షిణమున, బిస్యా గ్రామసమీపమున గల సలూత్ దిబ్బను 2004 నుండి ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయమువారు త్రవ్వి, ఇనుపయుగమునాటి దుర్గమును, దానికి చేరువనే కంచుయుగపు రాతిబురుజును బయల్పరచిరి. ఆ బురుజు కడ సింధు నాగరికతకు చెందిన ముద్రయు, మృణ్మయ పాత్రఖండములును దొరకుట భారతీయ పాఠకులకు విశేషాసక్తిని కలిగింపదగినది. నాలుగువేల యేండ్లకు పూర్వమే మన యుపఖండపు సరకు ఈ కొండల మూలమునకు చేరియుండెను.

ఇదే సలూత్‌ను గూర్చి ‘కష్ఫ్ అల్ గుమ్మా’ అను ఒమాన్ చరిత్రగ్రంథమున నొక కథ కలదు. సులేమాన్ ప్రవక్త గాలిపై పయనించుచు ఇచ్చట దిగి, రమ్యమైన సౌధమును చూచి, దేశమున నీరు లేమికి వగచి, తన యధీనమున నున్న జిన్నులను దినమునకు వేయి కాలువల చొప్పున పది దినములు త్రవ్వుడని యాజ్ఞాపించెనట. భూగర్భమున త్రవ్విన కాలువను ఒమానీలు ‘ఫలజ్’ అందురు. కొండ అడుగున తల్లిబావి త్రవ్వి, నీటిమట్టము దొరకిన పిదప, ఊరి దిశగా అతిస్వల్పమైన వాలుతో సొరంగము తొలిచి, మన్ను పైకి లాగుటకును లోపలివారికి గాలి యాడుటకును నడుమనడుమ నిలువు గోతులు దింపి, మైళ్లకొలది దూరము నడిపించెడి ఈ నిర్మాణమును దావూదు కుమారుడైన సులేమాను పేరిట ‘దావూదీ’ ఫలజ్ అని వ్యవహరింతురు. బీదరులో బహమనీల కాలమున త్రవ్వబడిన కరేజు ఈ జాతికి చెందినదే. మోకాళ్లపై ప్రాకుచు, నూనెదీపపు వెలుగున, మీది మన్ను ఎప్పుడు విరిగి పడునో యెరుగక పనిచేసిన ఆ తవ్వకగాండ్ర పేర్లు ఏ గ్రంథమునను లేవు; జిన్నుల ప్రస్తావన మాత్రము నిలిచినది.

ఇస్లాము ప్రథమ శతాబ్దులు: ఒమాన్ అంతర్భాగము ఇబాదీ మతశాఖకు నెలవై, ప్రజలచే ఎన్నుకొనబడిన ఇమాముల పాలనలోనికి వచ్చెను. 886లో ఇమామ్ సల్త్ బిన్ మాలిక్ పదవీచ్యుతుడు కాగా దేశము రెండు పక్షములై పోరాడుకొనెను. 893లో అబ్బాసీయ సేనలు ప్రవేశించి అనేకములైన ఫలజులను పూడ్చివేసెను. సల్త్ పదవీచ్యుతిని గూర్చిన తగవుపై ధర్మనిర్ణయము చేయబూనిన పండితులలో 10వ శతాబ్దివాడగు ఇబ్న్ బరకా అల్ బహ్లవీ అగ్రగణ్యుడు. బహ్లాలో ఆయన నడపిన పాఠశాలకు దూరప్రాంతముల నుండి విద్యార్థులు వచ్చెడివారు. వారిలో బిస్యా గ్రామస్థుడైన అబుల్ హసన్ అల్ బిస్యవీ గొప్ప న్యాయవేత్త యయ్యెను. మంత్రతంత్రములకు పేరుపడిన ఊరు అంతకు పూర్వమే ధర్మశాస్త్రమునకు పేరుపడినదని చెప్పుట అవసరము.

నబ్‌హానుల యుగము: బహ్లాకు నిజమైన వైభవము బనూ నబ్‌హాన్ వంశీయుల కాలమున కలిగెను. 12వ శతాబ్ది మధ్యభాగమున రాజ్యమునకు వచ్చి, హెచ్చుతగ్గులతో 17వ శతాబ్ది ఆరంభమువరకు నిలిచిన ఈ రాజులు బహ్లాను ప్రధానస్థానముగా చేసికొనిరి. ఇమాముల పక్షమువారైన చరిత్రకారులు వీరిని నిరంకుశులుగా నెంచి వీరి విషయమున మౌనము వహించిరి; అందుచే తొలి రాజుల విషయము వారి యాస్థానకవియైన అస్సితాలీ రచించిన ప్రశంసాపద్యముల నుండి గ్రహింపవలసి వచ్చుచున్నది. సిర్హాన్ బిన్ సయీద్ కూర్చినదిగా చెప్పబడు ‘కష్ఫ్ అల్ గుమ్మా’ను ఇ. సి. రాస్ ఆంగ్లీకరింపగా 1874లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడినది. దాని ప్రకారము, హిజ్రీ 674లో, అనగా 1275–76 ప్రాంతమున, ఉమర్ బిన్ నబ్‌హాన్ రాజ్యమేలుచుండగా, షీరాజు నుండి 4,500 మంది ఆశ్వికులు ఒమాన్‌పై దండెత్తి, నిజ్వా ప్రజలను ఇండ్ల నుండి వెడలగొట్టి, నాలుగు మాసములు దేశమును కొల్లగొట్టి, బహ్లాను ముట్టడించియు దానిని పట్టుకొనజాలక, తమ సేనానులలో నొకడు మరణింపగా వెనుదిరిగిరి. ఈ యొక్క వృత్తాంతమే బహ్లా రక్షణవ్యవస్థ యెంత దృఢమైనదో చెప్పగలదు.

సుమారు 1330లో ఒమాన్ చూచిన ఇబ్న్ బతూతా, అబూ ముహమ్మద్ బిన్ నబ్‌హాన్ అను సుల్తాను ద్వారపాలకుడైనను లేక తన ఇంటి వెలుపల కూర్చుండి, వచ్చినవారికెల్ల దర్శనమిచ్చి ఆదరించెడివాడని వ్రాసెను. అంతటి సులభుడైన రాజు పుట్టిన వంశముననే, 1482లో ఇమామ్ ఉమర్ బిన్ అల్ ఖత్తాబ్ తీర్పుచే ఆస్తియంతయు స్వాధీనము చేసికొనదగినంత దుష్కీర్తి గలవారును పుట్టిరి. వీరిలో ప్రసిద్ధుడొకడు సులేమాన్ బిన్ సులేమాన్. ఇతడు మంచి కవి. ఇతని ‘దీవాను’ (కవితాసంపుటి) నేటికిని నిలిచియున్నది. కాని నిజ్వాలోని గంతూక్ ఫలజులో స్నానము చేయుచున్న యువతిని ఇతడు వెంటాడగా, ముహమ్మద్ బిన్ ఇస్మాయిల్ అను పౌరుడు రాజని వెరవక ఇతనిని నేలకూల్చి, ఆమె క్షేమముగా ఇల్లు చేరువరకు పట్టి యుంచెను. ఆ ధైర్యమునకు మెచ్చి ప్రజలు హిజ్రీ 906లో, అనగా సుమారు 1500లో, అతనినే ఇమాముగా ఎన్నుకొనిరి.

పిమ్మట బహ్లా నబ్‌హానుల చేతికిని బనూ హినా తెగవారి చేతికిని మారుచు వచ్చి, 1624లో ఇమాముగా ఎన్నికయై దేశమును ఏకము చేసిన యఅరుబీ వంశస్థుడు నాసిర్ బిన్ ముర్షిద్ దాదాపు రెండు మాసములు కోటను చుట్టుముట్టిన పిదప అతనికి లోబడెను. ఆ వంశమువాడే యైన ఇమామ్ బిల్అరబ్ బిన్ సుల్తాన్ 1670 ప్రాంతమున సమీపముననే జబ్రీన్ సౌధమును నిర్మించి, అందు విద్యార్థులకు చదువును వసతిని కల్పించెను. 1738లో నాదిర్ షా పంపిన పారసీక సైన్యము బహ్లాను ఆక్రమించెను. 19వ శతాబ్దమున పట్టణము తెగల పోరులలో చేతులు మారుచుండెను.

కోట, నీరు: కోట రాతిపునాదులపై పచ్చి ఇటుకతో లేచినది. మట్టిలో తరిగిన గడ్డి కలిపి త్రొక్కి, అచ్చులలో పోసి ఎండబెట్టిన ఆ ఇటుకలపై మట్టిపూతను చేతితోనే అలికిరి. సమీపమునకు పోయి చూచినచో పూతలో గడ్డిపోచలు ఎండలో మెరయుచుండును. అతిప్రాచీనమైన భాగము ‘అల్ కసబా’. 18వ శతాబ్ది నాటి ‘బైత్ అల్ జబల్’, తరువాతి దగు ‘బైత్ అల్ హదీస్’ దానికి చేర్చబడినవి. క్రిందుగా శుక్రవారపు మసీదును, అందు అత్యంతరమణీయముగా మలచిన మిహ్రాబును (ప్రార్థనాదిశను తెలుపు గూడు) కలవు. సుమారు 12 కిలోమీటర్ల ప్రాకారము ఇండ్లను, బజారును, ఖర్జూరపు తోటలను, సాగుభూములను తనలోపల నిడుకొన్నది. ముట్టడి కాలమున తిండికి వెలుపలికి పోనక్కరలేనట్లు దీనిని రూపొందించిన దూరదృష్టి ప్రశంసనీయము.

ఊరి ప్రాణాధారము మైతా ఫలజ్. నీటిని గడియలుగా విభజించి వంతులవారీగా పంచుదురు. సుమారు అరగంట వాటాను ‘అథర్’ అందురు. పగలు నీడను బట్టియు, రాత్రి నక్షత్రోదయమును బట్టియు కాలము కొలుచుట పూర్వాచారము. మన చెరువుల క్రింద నీరుగంటి చేయు పనిని ఇచ్చట ‘అరీఫ్’ చేయును. ఒమాన్ ఫలజులలో ఐదింటికి 2006లో యునెస్కో గుర్తింపు లభించినది. ఆ యైదింట బహ్లా కాలువ లేదు.

కుమ్మరము: వాగు ఒడ్డుల మేలైన బంకమన్ను బహ్లా కుమ్మరులకు సొమ్ము. మన్నును నానబెట్టి, వడియగట్టి, కాళ్లతో మర్దించి, సారెపై రూపమిచ్చి, ఎండనిచ్చి, ఆవములో కాల్చెదరు. వీరు చేయు ‘జహ్లా’ అను వ్రేలాడదీసెడి నీటికుండ మన కూజావలె తన రంధ్రములద్వారా చెమర్చి నీటిని చల్లబరచును. 14వ శతాబ్ది మొదలు గల్ఫ్ తీరమున పలుచోట్ల దొరకెడి ఒకజాతి మెరుగుపూత పాత్రలకు పురావస్తుశాస్త్రజ్ఞులు బహ్లా పేరిడిరి.

జిన్నుల ప్రతీతి: ఘైతా అను స్త్రీ జిన్నుల సాయముతో ప్రాకారమును ఒక్క రాత్రిలో నిలిపినదని ఒక కథ. కోట దక్షిణపు గుట్టపై నున్న ప్రార్థనాస్థలములలో నొకటి రుస్తాక్ నుండి గాలిలో ఎగిరి వచ్చినదని మరియొకటి. బజారు నడుమ నున్న ముదుసలి చెట్టును జిన్నులు ఎత్తుకొనిపోకుండ గొలుసుతో కట్టిరని ఇంకొకటి. వీనికంటె భయంకరమైనది ‘మఘాయబ్’ నమ్మకము: చచ్చిపోయినట్లు కనబడిన మనుష్యుడు నిజమునకు చావలేదనియు, మంత్రవేత్త వానిని అపహరించి ఎచ్చటనో ఊడిగము చేయించుకొనుచున్నాడనియు చెప్పుదురు. దానిని పుక్కిటి పురాణమని త్రోసివేయుట తగదు. అకాలముగా బిడ్డను కోల్పోయిన తల్లికి ఆ నమ్మకము ఆశను విడువనీయదు. ఆంధ్రదేశమున భూతములు రాత్రికి రాత్రి కట్టినవని చెప్పబడు గుళ్లును చెరువులును పెక్కు గలవు. అచ్చటను ఇచ్చటను కథ పుట్టునది కూలివాండ్ర లెక్క చెరిగిపోయిన చోటనే.

ఇరవైయవ శతాబ్ది పూర్వార్ధమున ఇమాముల పక్షమున బహ్లా వాలీగా (పాలనాధికారిగా) నుండిన షేక్ అబూ జైద్ అర్రియామీ విద్వాంసుడు, కఠినశాసనుడు. ఆయన ఫలజును, గోడలను బాగుచేయించి, మంత్రవేత్తలను అణచి, జిన్నులనుగూడ తన ఆజ్ఞకు లోబరచెనని వృద్ధులు చెప్పుకొనుట కలదు. 1957లో మస్కట్ సుల్తాను పక్షమున బ్రిటిషువారు జోక్యము చేసికొనగా ఇమాముల పాలన ఈ ప్రాంతమున అంతరించెను. 1967లో చమురు ఎగుమతి ప్రారంభమై, 1970లో సుల్తాన్ కాబూస్ రాజ్యమునకు వచ్చిన పిదప రహదారులు, పాఠశాలలు, ఆసుపత్రులు వచ్చినవి. ఈ మార్పును మందానా లింబర్ట్ అను మానవశాస్త్రజ్ఞురాలు బహ్లాలోనే నివసించి పరిశీలించి, 2010లో ‘ఇన్ ద టైమ్ ఆఫ్ ఆయిల్’ అను పేరిట గ్రంథముగా ప్రకటించెను; ఈ పట్టణమును గూర్చి ఇంతటి సన్నిహితమైన రచన మరియొకటి లేదు.

పరిరక్షణ: 1987లో కోటయు దాని పరిసరములును యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి, ఒమాన్‌లో ఈ గౌరవము పొందిన తొలి స్థలమిదియే. అప్పటికే ప్రతి వానకును మట్టిగోడలు కరగి కూలుచుండుటచే మరుసటి యేడే, 1988లో, దీనిని ప్రమాదమున నున్న స్థలముల పట్టికలో చేర్చిరి. ప్రాతపద్ధతి ఎరిగిన పనివారిచే మట్టితోను పచ్చి ఇటుకతోను ఓపికగా మరమ్మతులు సాగించిన మీదట 2004లో ఆ పట్టిక నుండి తొలగించిరి. 2012లో కోట సందర్శకులకు తెరువబడినది.

సందర్శనము: నిజ్వా నుండి పడమర రహదారిన వచ్చువారికి ఖర్జూరపు మట్టల పైగా కోటబురుజులు దూరము నుండియే గోచరించును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుటచే అక్టోబరు మొదలు మార్చి వరకు యాత్రకు అనుకూలము. నిజ్వా, జబ్రీన్ కోటలవలె ఇచ్చటి గదులలో సామగ్రి అలంకరింపబడి యుండదు. శూన్యములైన గదులు, ఇరుకు మెట్లు, చీకటి నడవలు, వాని నుండి పైకి పోయి మిద్దె చేరినచో నలుప్రక్కల తోటలును కొండలును. జిన్నుల మాట స్థానికులను పరిహాసముగా అడుగరాదు. కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి జీవనార్థము ఒమాన్ చేరిన తెలుగువారు ఎందరో గలరు. మస్కట్‌లో నున్నవారు శుక్ర, శనివారముల శెలవులో నిజ్వా, బహ్లా, జబ్రీన్‌లను ఒక్క ప్రయాణమున చూచి రావచ్చును. వారిలో ఇటుక, సున్నము, మట్టిపని తెలిసినవారు ప్రాకారమును జబ్రీన్ వైపు దారిలో, గోడ విరిగి లోపలి వరుసలు బయటపడిన చోట, ఆగి చూచుట మంచిది.