చల్లని అడవి నేల, దాని పేరు: పాడ్జాల్ వర్గీకరణ చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- చల్లని ప్రాంతపు అడవి నేల ముఖ్య లక్షణాలను వివరించగలుగుతారు;
- 'పాడ్జాల్' అనే రైతు మాట శాస్త్ర పదంగా మారిన క్రమాన్ని తెలపగలుగుతారు;
- నేలల వర్గీకరణకు ఆధారం ఎలా మారుతూ వచ్చిందో విశ్లేషించగలుగుతారు;
- హిమాలయ అటవీ నేలలన్నిటినీ పాడ్జాల్ అనడం ఎందుకు సరికాదో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

నేలల గురించి మీరు పాఠశాలలోనే చదివారు. ఒండ్రు నేలలు, నల్లరేగడి నేలలు, ఎర్ర నేలలు, లాటరైట్ నేలలు, వాటి తరువాత చివరలో రెండు మూడు వాక్యాలతో అటవీ, పర్వత నేలలు. ఆ జాబితాను మనం ప్రకృతి సిద్ధమైనదిగా భావిస్తాం. నిజానికి నేల ప్రకృతి ఇచ్చినది, దాని పేరు మాత్రం మనిషి పెట్టినది. పేరు పెట్టినవాడు ఏమి చూశాడు, ఎక్కడ నిలబడి చూశాడు, ఏమి చూడలేదు అన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

నేను జవాబు పత్రాలు దిద్దిన సంవత్సరాల్లో ఒక వాక్యం మళ్లీ మళ్లీ కనిపించేది: "ఎత్తైన కొండల మీద శృంగాకార అడవులు ఉంటాయి, కాబట్టి అక్కడి నేల పాడ్జాల్." ఈ తప్పుకు విద్యార్థులను నిందించి ప్రయోజనం లేదు. ఆ 'కాబట్టి' వెనుక సుమారు నూరేళ్ల ఆలోచన ఉంది. ఆ ఆలోచన ఎలా పుట్టిందో, ఎక్కడ నిలిచిందో, ఎక్కడ సవరణకు గురైందో ఈ భాగంలో తెలుసుకుందాం.

7.2 ఈ నేల ఎలా ఉంటుంది?

ఉత్తర ఐరోపాలోనో రష్యాలోనో ఒక స్ప్రూస్ లేదా పైన్ అడవిలో మీటరు లోతు గోతి తవ్వారనుకోండి. గోతి గోడ మీద పొరలు విడివిడిగా కనిపిస్తాయి. అన్నిటికంటే పైన సూదుల వంటి ఆకులు, సగం కుళ్లిన చెత్త పేరుకొని ఉంటాయి. చలి వల్ల సూక్ష్మజీవులు మందకొడిగా పనిచేస్తాయి. అందుచేత ఈ చెత్త త్వరగా మట్టిలో కలవదు. దాని కింద బూడిద రంగులో పాలిపోయిన పొర ఉంటుంది. దీనిని 'ఇ' పొర అంటారు. ఇంకా కింద ముదురు గోధుమ లేదా తుప్పు రంగు పొర ఉంటుంది. ఇది 'బి' పొర. దాని అడుగున మాతృశిలా పదార్థం ఉంటుంది.

బూడిద రంగు పొరలో బూడిద ఏమీ లేదు. కుళ్లుతున్న ఆకుల నుంచి వచ్చే సేంద్రియ ఆమ్లాలు వర్షపు నీటితోను, కరిగిన మంచుతోను కిందికి దిగుతూ ఇనుమును, అల్యూమినియంను తమతో కలుపుకొని తీసుకుపోతాయి. మట్టి రేణువులకు రంగునిచ్చే ఇనుము పోగా మిగిలేది తెల్లబారిన క్వార్ట్జ్ ఇసుక. కిందికి దిగిన ఇనుము, అల్యూమినియం, జీవాంశం 'బి' పొరలో చేరి నిలిచిపోతాయి. ఈ ప్రక్రియకే పాడ్జాలీకరణం అని పేరు. కొన్ని చోట్ల 'బి' పొర రాయిలా గట్టిపడి వేళ్లను కూడా దిగనివ్వదు.

ఇటువంటి నేల పై పొరల్లో ఉదజని సూచిక తరచుగా 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. అంటే నేల తీవ్రమైన ఆమ్ల స్వభావం కలది. కాల్షియం, మెగ్నీషియం వంటి పోషకాలు తక్కువ. సున్నం, ఎరువులు వేయనిదే పంట పండించడం కష్టం. ప్రపంచంలో పాడ్జాల్ నేలలు సుమారు 48.5 కోట్ల హెక్టార్లలో ఉన్నాయని అంచనా. వాటిలో అధిక భాగం ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాల్లోనే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
'ఇ' పొర బూడిద రంగులో ఉండడానికి కారణమేమిటి?

7.3 రైతు మాట శాస్త్రంలోకి రావడం

రష్యాలోని స్మోలెన్‌స్క్ ప్రాంతపు రైతులు అడవి నరికి దున్నినప్పుడు నాగలి కింద బూడిద వంటి మట్టి పైకి వచ్చేది. దానిని వారు 'పాడ్జాల్' అన్నారు. రష్యన్ భాషలో 'పాడ్' అంటే కింద, 'జొలా' అంటే బూడిద. అదే ప్రాంతంలో పుట్టిన వసీలీ దొకుచాయెవ్ (1846-1903) 1880 ప్రాంతంలో ఈ నేల గురించి రాసి, ఆ మాటను శాస్త్ర చర్చలోకి తెచ్చాడు. 1883లో వచ్చిన 'రష్యన్ చెర్నోజెమ్' గ్రంథంలో ఆయన ఒక కొత్త సూత్రాన్ని బలంగా ప్రతిపాదించాడు. నేల అంటే కేవలం పగిలిన రాయి కాదు. మాతృశిల, శీతోష్ణస్థితి, జీవజాలం, భూస్వరూపం, కాలం కలిసి తయారుచేసిన స్వతంత్ర సహజ వస్తువు.

ఈ విషయం మనకు పరాయిది కాదు. 19వ శతాబ్దపు ఆంగ్ల భూగర్భ రచనల్లో దక్కన్ నల్ల నేలకు 'రేగర్' అనే పేరు కనిపిస్తుంది. అది తెలుగు 'రేగడ' నుంచే వచ్చిందని చెబుతారు. స్మోలెన్‌స్క్ రైతు మాట, తెలుగు రైతు మాట రెండూ ఒకే శతాబ్దంలో శాస్త్ర గ్రంథాల్లో చోటు సంపాదించాయి. అయితే పేరుతో పాటు ఒక పొరపాటు కూడా ప్రయాణించగలదు. రెండూ నల్లగా ఉన్నందువల్ల రేగడ నేలను రష్యా చెర్నోజెమ్‌తో పోల్చినవారు ఉన్నారు. చెర్నోజెమ్ నలుపుకు ప్రధాన కారణం జీవాంశం. రేగడలో జీవాంశం తక్కువ. వేసవిలో నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే బంకమట్టి దాని అసలు లక్షణం. రంగు ఒకటైనంత మాత్రాన నేల ఒకటి కాదు. ఈ ఉదాహరణను గుర్తుంచుకోండి, 7.6లో మళ్లీ పనికివస్తుంది.

దొకుచాయెవ్ కాలంలోనే డెన్మార్క్ అటవీ శాస్త్రవేత్త పి.ఇ. మ్యూలర్ బీచ్ అడవుల్లో నేలను పరిశీలించి, 1879, 1884 సంవత్సరాల్లో తన అధ్యయనాలను ప్రచురించాడు. అడవి జీవాంశం రెండు రకాలని ఆయన చూపాడు. వానపాములు మట్టితో కలిపివేసే మెత్తని జీవాంశం 'మల్'. మట్టితో కలవక పైన చాపలా పేరుకునే ఆమ్ల జీవాంశం 'మోర్'. మోర్ కిందనే పాలిపోయిన పొర ఏర్పడుతుంది. ఒకే జాతి చెట్ల కింద కూడా ఈ రెండు రకాలూ ఏర్పడవచ్చునన్నది మ్యూలర్ ఇచ్చిన ముఖ్యమైన హెచ్చరిక. చెట్టును చూసి నేలను ఊహించడం చాలదన్న మాట. 1905లో జర్మనీకి చెందిన రామన్, పాలిపోయిన పొర లేని గోధుమ రంగు అటవీ నేలను వేరుగా గుర్తించాడు. అప్పటి నుంచి 'గోధుమ అటవీ నేల' పాడ్జాల్‌కు పక్కన నిలిచే మరో వర్గమైంది.

7.4 కొండ ఎక్కిన సిద్ధాంతం

దొకుచాయెవ్ 1890ల చివరలో కాకసస్ పర్వతాలలో పర్యటించాడు. మైదానంలో దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు నేలలు వరుసగా మారినట్లే, కొండ కింది నుంచి పైకి వెళ్లేటప్పుడు కూడా మారుతాయని ఆయన గమనించాడు. 1899లో ఈ ఊర్ధ్వ మండలాల సిద్ధాంతాన్ని ప్రచురించాడు. ఎత్తు పెరగడమంటే ఒక విధంగా ఉత్తరానికి ప్రయాణించడమే. చాలా అందమైన సిద్ధాంతం. కొంతవరకు నిజం కూడా. జవాబు పత్రాల్లోని 'కాబట్టి' పుట్టింది ఇక్కడే.

ఈ ఆలోచనలు ప్రపంచానికి చేరిన దారి కూడా గమనించదగ్గది. దొకుచాయెవ్ రాసింది రష్యన్‌లో. ఆయన సంప్రదాయానికి చెందిన గ్లింకా 1914లో జర్మన్‌లో ఒక గ్రంథం ప్రచురించాడు. దానిని అమెరికా శాస్త్రవేత్త మార్బట్ ఆంగ్లంలోకి అనువదించగా 1927లో వెలువడింది. అదే సంవత్సరం వాషింగ్టన్‌లో మొదటి అంతర్జాతీయ మృత్తికా శాస్త్ర మహాసభ జరిగింది. అంటే స్మోలెన్‌స్క్ రైతు మాట రెండు అనువాదాలు దాటి ఆంగ్ల పాఠకుడిని చేరింది. 1938లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించిన వర్గీకరణలో పాడ్జాల్, గోధుమ అటవీ నేల వంటివి 'మహా మృత్తికా సముదాయాలు'గా నిలిచాయి. ఈ పద్ధతిలో శీతోష్ణస్థితికి, వృక్షసంపదకు పెద్దపీట. గోతి తవ్వకుండానే పటం మీద నేల పేరు రాసే వీలు కూడా ఉండేది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మ్యూలర్ ఇచ్చిన హెచ్చరికకు, ఊర్ధ్వ మండలాల సిద్ధాంతానికి మధ్య ఉన్న వైరుధ్యం ఏమిటి?

7.5 గోతిలో ఉన్నదే ఆధారం

1950లలో అమెరికా శాస్త్రవేత్త గై స్మిత్ నాయకత్వంలో కొత్త వర్గీకరణ తయారైంది. దాని ఏడవ ముసాయిదా 1960లో ప్రచురితమైంది. పూర్తి గ్రంథం 'సాయిల్ టాక్సానమీ' పేరుతో 1975లో వచ్చింది. ఇక్కడ ప్రశ్న మారింది. 'ఈ నేల ఏ మండలంలో, ఏ అడవి కింద ఏర్పడింది?' అని కాక, 'గోతిలో ఏ పొరలు ఉన్నాయి, వాటిని కొలిస్తే ఏమి తేలుతుంది?' అని అడిగారు. పాడ్జాల్ వంటి నేలలకు 'స్పోడోసాల్' అని కొత్త పేరు పెట్టారు. గ్రీకులో 'స్పోడోస్' అంటే కట్టె బూడిద. పేరులో బూడిద మిగిలింది గాని, నిర్ణయం బూడిద రంగు పొర మీద ఆధారపడలేదు. దాని కింద జీవాంశం, అల్యూమినియం, తరచుగా ఇనుము చేరి ఏర్పడిన 'స్పోడిక్' పొర ఉన్నదా లేదా అన్నదే ప్రధాన పరీక్ష. రైతు కంటికి ఆనింది పై పొర. శాస్త్రం ఆధారంగా తీసుకున్నది దాని కింది పొర.

ఉష్ణోగ్రత కూడా కొలిచే అంశమైంది. నేల సగటు వార్షిక ఉష్ణోగ్రత 0 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, వేసవిలో కూడా చల్లగా ఉండే నేలలకు 'క్రయిక్' స్థితి అని పేరు. అటువంటి స్పోడోసాల్ నేలలు 'క్రయోడ్' ఉపశ్రేణిలోకి వస్తాయి. 1998లో వెలువడిన అంతర్జాతీయ ఆధార వర్గీకరణ మాత్రం 'పాడ్జాల్' అనే పాత పేరునే నిలుపుకొంది. అయితే అక్కడా కొలతలే ప్రమాణం.

7.6 హిమాలయాల సంగతి

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1930లలోనే పంజాబ్ కొండల్లోని కులు అడవుల్లో దేవదారు, నీలి పైన్, స్ప్రూస్ చెట్ల కింద గోతులు తవ్వి నేల పొరలను అధ్యయనం చేశారు. అయినా పాఠ్యగ్రంథాల్లో స్థిరపడింది ఊర్ధ్వ మండలాల చిత్రమే: దిగువన గోధుమ అటవీ నేలలు, పైన శృంగాకార అడవుల కింద పాడ్జాల్ నేలలు.

కొత్త పద్ధతి ప్రకారం సర్వేలు జరిగాక చిత్రం మారింది. నాగపూర్‌లో 1976లో ఏర్పడిన జాతీయ నేల సర్వే, భూ వినియోగ ప్రణాళికా సంస్థ తయారుచేసిన పటాలలో హిమాలయ నేలలు ఎక్కువగా ఎంటిసాల్, ఇన్సెప్టిసాల్ శ్రేణుల్లోను, కొన్ని చోట్ల మాలిసాల్, ఆల్ఫిసాల్ శ్రేణుల్లోను కనిపిస్తాయి. ఎంటిసాల్, ఇన్సెప్టిసాల్ అంటే పొరలు ఇంకా పూర్తిగా ఏర్పడని, లేత వయసు నేలలు.

కారణం ఊహించడం కష్టం కాదు. పాడ్జాల్ పొరలు స్పష్టంగా ఏర్పడటానికి కొన్ని శతాబ్దాల నుంచి కొన్ని వేల ఏళ్లు పడుతుంది. అంతకాలం నేల కదలకుండా ఉండాలి. హిమాలయాలు ఇంకా పైకి లేస్తున్న పర్వతాలు. వాలు ఎక్కువ, కొండచరియలు విరిగిపడతాయి, వర్షాకాలంలో పైమట్టి కొట్టుకుపోతుంది, కొత్త రాయి బయటపడుతుంది. చలి ఉంది, దేవదారు ఉంది, ఆమ్లం ఉంది. దొకుచాయెవ్ చెప్పిన అయిదు కారకాల్లో కాలం మాత్రం చాలలేదు. విశేషమేమిటంటే, దొకుచాయెవ్ మండల సిద్ధాంతాన్ని సవరించింది దొకుచాయెవ్ కారకాల సిద్ధాంతమే.

ఈ తేడా పేర్ల వరకే పరిమితం కాదు. పాడ్జాల్ అంటే పోషకాలు కడిగివేయబడిన నేల. అక్కడి సమస్య ఆమ్లం. లేత వయసు కొండ నేలలో మొదటి సమస్య మట్టి నిలవకపోవడం. మొదటిదానికి సున్నం మందు. రెండవదానికి చెట్టు వేరు, అంచె గట్టు మందు. పేరు తప్పితే మందు తప్పుతుంది. ఆ నష్టం కొండవాలులో సేద్యం చేసుకునే కుటుంబానిది.

7.7 సారాంశం

పాడ్జాల్ చరిత్రలో మూడు దశలు చూశాం. రైతు తన నాగలి కింద కనిపించిన రంగుకు పేరు పెట్టాడు. దొకుచాయెవ్ సంప్రదాయం ఆ పేరును శీతోష్ణస్థితితో, అడవితో ముడిపెట్టింది. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో వర్గీకరణ గోతిలోని కొలతల మీద నిలబడింది. ఏ దశా పూర్తిగా వ్యర్థం కాలేదు. రైతు చూపు లేనిదే ప్రశ్న పుట్టదు. సిద్ధాంతం లేనిదే గోతి ఎక్కడ తవ్వాలో తెలియదు. పటంలో ఒక నేల పేరు చదివినప్పుడు, ఆ పేరు దేనిని చూసి పెట్టారని అడగడం అలవాటు చేసుకోండి. మీ ఊరి నేలకు మీ ఇంటి పెద్దలు వాడే పేర్ల విషయంలోనూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

7.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. పాడ్జాల్ నేల పొరలను, అవి ఏర్పడే విధానాన్ని వివరించండి.
2. నేలల వర్గీకరణలో దొకుచాయెవ్, మ్యూలర్, గై స్మిత్ కృషిని సరిపోల్చండి.
3. "ఎత్తు పెరిగితే పాడ్జాల్ ఏర్పడుతుంది" అనే వాక్యాన్ని హిమాలయాల ఆధారంగా విమర్శనాత్మకంగా పరిశీలించండి.