పాత పటాలలో మన తీరం

మన పెద్దలలో చాలామంది ఏ రేవులో ఓడ ఎక్కారో, ఆ రేవు పేరే ఈ దీవిలో మన జాతికి పేరైంది. మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం కొరింగీలనే పిలిచారు. ఆ కోరంగి గౌతమీ గోదావరి ముఖాన, యానానికి సమీపంలో ఉంది. ఆ పేరు వెదకుతూనే మేము ఐరోపావారి పాత చెక్కడపు పటాల వ్యసనంలో పడ్డాము. ఉపాధ్యాయుల పింఛనుకు అసలు పటాలు అందవు. మా వద్ద అసలువి రెండే, తక్కినవన్నీ నకళ్ళు.

ఆ రోజులలో పటాన్ని రాగిరేకు మీద, కుడి ఎడమలు తారుమారుగా, సన్నని ఉలితో చెక్కేవారు. సిరా పూసి పైపైన తుడిస్తే గాట్లలో మాత్రమే సిరా నిలుస్తుంది. దానిపై తడి కాగితం పరచి యంత్రంలో నొక్కేవారు. రంగులు తరువాత చేతితో అద్దేవారు. కనుక అసలు పటం చుట్టూ రేకు అంచు నొక్కిన గుర్తు ఉంటుంది. భూతద్దంలో గీత నిండుగా కనబడుతుంది. నేటి అచ్చు నకలైతే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. కొనదలచినవారు ముందు ఈ రెండూ చూడాలి. గోడకు తగిలిస్తే ఎండ తగలనీయరాదు.

1570లో ఆంట్‌వెర్ప్ నగరంలో ఓర్టీలియస్ ప్రచురించిన పటాల గ్రంథంలో మన దక్షిణాదిన "నర్సింగా" అని ఉంది. అది విజయనగర రాజ్యమే. సాళువ నరసింహరాయల పేరు అలా మారింది. రాక్షసి తంగడి యుద్ధం జరిగింది 1565లో. రాజధాని పాడుబడినా పటంలో పేరు చెరగలేదు. ఓర్టీలియస్ మన దేశం చూసినవాడు కాదు. నావికుల మాటలు, ఇతరుల పటాలు, ఇవే ఆయనకు ఆధారం. ఆమ్‌స్టర్‌డాంలోని బ్లావు సంగతి వేరు. ఆయన 1633 నుండి డచ్చి వర్తక సంఘానికి పటాల అధికారి. ఆ సంఘం మచిలీపట్నంలో అద్దకపు బట్టలు కొనేది. బ్లావు వేసిన మొగలు సామ్రాజ్య పటంలో గోల్కొండ కనబడుతుంది.

ఆయా పటాలలో రేవులు, కోటలు, రాజ్యాల పేర్లు చక్కగా ఉన్నాయి. వర్తకులకు కావలసినవి అవే గదా! మన తాతలు పుట్టిన పల్లెలు మాత్రం వాటిలో లేవు. 1839 తుఫాను కోరంగిని ఊడ్చివేసింది, వేలాదిమంది మరణించారు.

పల్లెల పేర్లు ఉన్నది మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో, కూలీల రాకను రాసిన రిజిస్టరులలో. తెలుగు రాని గుమస్తాలు చెవికి వినబడినట్లు రాశారు. "నర్సింగా" అని చెక్కినవారికీ వీరికీ తేడా ఏముంది? మీ ఇంట అటువంటి రిజిస్టరు నకలు ఉంటే మా సాయంకాలపు తరగతికి తీసుకురండి. ఊరి పేరును బిగ్గరగా, తెలుగు యాసలో నాలుగుసార్లు చదివి, జిల్లా పటం పక్కన పెట్టుకుని వెదకుదాము.