సారథ్యం ఎవరి హక్కు? నాయుడు, విజ్జీ, ఒక పాత వివాదం

భారత క్రికెట్ తొలినాళ్ళ రాజకీయంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరూ తెలుగు మూలాలవారే కావడం చరిత్రలోని విచిత్రం. ఒకరు నాగపూరులో 1895 అక్టోబరు 31న జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడు. మరొకరు విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకానికి విజ్జీ.

ఆనాడు ఆటను నమ్ముకుని బతకడానికి సంస్థానాధీశుల కొలువే దిక్కు. 1923లో హోల్కర్ మహారాజు నాయుడును ఇందోరుకు రప్పించి తన సైన్యంలో కెప్టెన్‌ను చేశారు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో గిలిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టుపై నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. పాలకులతో వారి ఆటలోనే తలపడగలమన్న ధీమా ఆ ఇన్నింగ్స్ కలిగించింది. రెండేళ్ళకు క్రికెట్ బోర్డు ఏర్పడింది.

1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు సారథి పోరుబందరు మహారాజు, ఉపసారథి లింబ్డీ రాజవంశీకుడు. మహారాజు తన ఆట స్థాయి ఎరిగిన మనిషి. జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టుకు తాను తప్పుకుని నాయుడుకు పగ్గాలిచ్చారు. కొందరు ఆటగాళ్ళు ఎదురు తిరిగినా ఆ నిర్ణయం మారలేదు. మనం 158 పరుగులతో ఓడాం. కానీ చేతికి గాయమైనా తొలి ఇన్నింగ్స్‌లో జట్టులోకెల్లా అత్యధికంగా 40 పరుగులు చేసినవాడు సారథే. మరుసటి ఏడాది విజ్డెన్ ఎంచుకున్న ఐదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయన ఒకరు.

1936 నాటికి కథ తిరగబడింది. సారథ్యాన్ని బోర్డు ఓట్లు తేల్చాయి, గెలుపు విజ్జీది. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. పర్యటన మధ్యలో విజ్జీకి సర్ బిరుదు దక్కింది. జట్టుకు మాత్రం రెండు ఓటములు మిగిలాయి. ఓవల్‌లో బంతి దెబ్బ తగిలినా నాయుడు 81 పరుగులు చేశారు. అదే ఆయన చివరి టెస్టు. తరువాత విచారణ జరిపిన బ్యూమాంట్ సంఘం విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. జట్టుకు ఎడంగా ఉన్నారని నాయుడునూ విమర్శించింది.

ఆపై జరిగినదే రాజకీయాలు గమనించేవారు గుర్తుంచుకోదగినది. విచారణలో దోషిగా తేలిన విజ్జీయే 1954లో బోర్డు అధ్యక్షుడయ్యారు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకూ ఎన్నికయ్యారు. గణతంత్రం నాయుడుకు 1956లో పద్మభూషణ్ ఇచ్చింది; 1958లో విజ్జీకీ అదే పురస్కారమిచ్చింది.

సంస్థానాలు పోయాయి, సంఘాలు మిగిలాయి. ఢిల్లీ క్రికెట్ సంఘానికి ఏళ్ళ తరబడి అధ్యక్షుడిగా ఉన్న అరుణ్ జైట్లీ పేరును 2019లో ఫిరోజ్ షా కోట్లా స్టేడియానికి పెట్టారు. మరుసటి ఏడాది అక్కడ ఆయన విగ్రహం పెట్టబోతే, గ్యాలరీకున్న తన పేరు తీసేయమని బిషన్ సింగ్ బేడీ లేఖ రాశారు. క్రీడా మైదానంలో గౌరవం ముందుగా ఆటగాడిదని ఆయన వాదన.

నాయుడు ఆడినవి ఏడే టెస్టులు, చేసినవి 350 పరుగులే. అంకెల్లో చూస్తే చిన్న జీవితం. కానీ పుట్టుకతో రాని సారథ్యాన్ని ఆటతో సంపాదించవచ్చునని లార్డ్స్‌లో తొలిసారి నిరూపించింది ఆయనే. ఆ నిరూపణను కాగితం మీది ఓట్లు నాలుగేళ్ళలో రద్దు చేయగలిగాయి. క్రీడా సంఘాల ఓటర్ల జాబితాలో ఆటగాళ్ళెందరో అడగకుండా వాటి సంస్కరణ గురించి మాట్లాడటం వృథా.